పాత ఆటను వదిలిన వరుస: మా కడప క్లాన్ అనుభవం

ఫోన్లో ఆట బొమ్మను నొక్కిపట్టి అన్‌ఇన్‌స్టాల్ కొడితే ఆట వదిలినట్టు కాదు. పాస్ (ఆటలో అదనపు సరుకుల కోసం కట్టే చందా) డబ్బు నెలనెలా కట్ అవుతూనే ఉంటుంది. ఐడీ, అంటే ఆటలో మన ఖాతా, కంపెనీ సర్వర్లో అట్లే ఉంటుంది. క్లాన్ (కలిసి ఆడే జట్టు) లీడర్‌గా మన పేరే కనిపిస్తుంది, మన ఫోన్ నంబరు దానికి కట్టేసే ఉంటుంది. మా క్లాన్‌లో కడప, ప్రొద్దుటూరు, మైదుకూరు, అనంతపురం వాళ్లం కలిపి 38 మందిమి. 6 ఏళ్లు ఒకే ఆట ఆడి, అందులో 14 మందిమి ఒకే నెలలో బయటికొచ్చాం. ఆట పేరు రాయడం లేదు. నలుగురు స్క్వాడ్‌గా దిగే ఏ షూటింగ్ ఆటకైనా ఈ పద్ధతి సరిపోతుంది. మావాళ్లు చేసిన తప్పులన్నీ ముందు చేయాల్సింది వెనక చేయడం వల్ల వచ్చినవే కాబట్టి, వరుస గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఆట మీద ఇష్టం పోయి వదల్లేదు. ఆ మ్యాపులో ఏ ఇంటికి ఎన్ని కిటికీలున్నాయో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలం. డెవలపర్లతో, అంటే ఆట తయారుచేసే కంపెనీ వాళ్లతో, విసుగొచ్చింది మూడు విషయాల్లో: రాత్రి పూట మమ్మల్ని దూరపు సర్వర్లలో పడేయడం, డబ్బు పెట్టి కొన్న స్కిన్‌కు (తుపాకీకి వేసే అలంకారం) రీకాయిల్, అంటే కాల్చినప్పుడు తుపాకీ ఎగరడం, తగ్గే బలం కలపడం, హ్యాకర్ల మీద ఎన్ని రిపోర్టులు పెట్టినా ఒకే అచ్చు జవాబు రావడం. రెండోదీ మూడోదీ ఆడేవాళ్లందరికీ తెలిసినవే. మొదటిదాన్ని మాత్రం కొలిచి చూడాలి, ఎందుకంటే అందులో సగం తప్పు మన ఇంట్లోనే ఉండొచ్చు.

కొలవడానికి 7 రోజులు పెట్టుకున్నాం. రోజుకు మూడుసార్లు: ఉదయం 8కి, మధ్యాహ్నం 3కి, రాత్రి 9:30కి. ప్రతిసారీ మూడు చోట్లకు వందేసి పింగులు (పింగ్ అంటే మన దగ్గర్నుంచి కబురు పోయి బదులు రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో): ఇంట్లో రూటరుకు (మా ఇళ్లలో ఎక్కువగా 192.168.1.1), గూగుల్ వాళ్ల 8.8.8.8కు, ఆట సర్వరుకు. రూటరుకే 20, 30 మిల్లీసెకన్లు పడుతూ మధ్యమధ్యలో 200 కొడుతుంటే తప్పు మన వైఫైది. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండే కడప వై.వి. స్ట్రీట్ లాంటి చోట్ల వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో పక్కింటి రూటర్లన్నీ ఒకదాని మీదొకటి అరుస్తుంటాయి. ఆ బ్యాండులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు 1, 6, 11 మూడే. 5 గిగాహెర్ట్జ్‌కు మారినా, పీసీకి ల్యాన్ వైరు వేసినా రూటర్ పింగ్ 1, 2కు దిగుతుంది. రూటర్ బాగుండి 8.8.8.8కే 80 దాటుతుంటే అడగాల్సింది లైనిచ్చిన కేబులాయన్ను. ఆ రెండూ శుభ్రంగా ఉండి ఆటకు మాత్రం 150 దాటుతుంటే అప్పుడే కంపెనీని అనాలి. వందలో ఎన్ని పింగులు తిరిగి రాలేదో కూడా రాసుకోవాలి. సగటు 50 ఉన్నా వందకు 3 పోతుంటే కొట్టిన తూటా తగల్లేదనిపిస్తుంది.

ఆట సర్వర్ అడ్రసు పీసీలోనైతే విండోస్ రిసోర్స్ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఆట పేరు పక్కన టిక్ పెడితే కనిపిస్తుంది. మ్యాచ్ జరుగుతుండగానే చూడాలి. లాబీలో (మ్యాచ్ మొదలయ్యే ముందు ఆగే తెర) ఉన్నప్పుడు కనిపించేది లాబీ సర్వర్ అడ్రసు, అది వేరే ఊళ్లో ఉండొచ్చు. మా ఆటలో లాబీ పింగ్ 38 అని పచ్చగా చూపించి, మ్యాచ్ లోపల 170 ఉండేది. చాలా గేమ్ సర్వర్లు పింగ్‌కు బదులివ్వవు. అప్పుడు ట్రేస్‌రూట్ (దారిలోని ఒక్కో మజిలీకి ఎంత సమయం పడుతుందో చూపే కమాండ్) కొట్టి, బదులిచ్చిన చివరి మజిలీ అంకె రాసుకుంటే చాలు.

కడప ఎండల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో చార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కి తనంతట తానే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. సెకనుకు తెరమీద వచ్చే 60 ఫ్రేములు (బొమ్మలు) 35, 40కి పడిపోతాయి. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, అందరూ దాన్ని లాగ్ అంటారు. పింగ్ అంకె మారకుండా ఫ్రేముల అంకె పడితే అది వేడి. ఫ్రేములు నిలకడగా ఉండి పింగ్ ఎగిరితే అది నెట్. రెండంకెలూ తెరమీద పెట్టుకుని రికార్డు చేయాలి. లేకపోతే సపోర్టు వాళ్లు మొదట అనే మాట 'మీ ఫోన్ చూసుకోండి' అనే.

మా స్క్వాడ్‌లో చిన్నోడు రోజూ అడిగేది ఒకటే: "అన్నా, నేను గోడ ఎనక్కి వచ్చేసినా గదా, ఎట్ల సచ్చినా?" దీనికి లెక్క ఉంది. ఇద్దరి పింగూ 150 అనుకోండి. మనం కదిలిన సంగతి సర్వరుకు చేరడానికి 75 మిల్లీసెకన్లు, అక్కడినుంచి ఎదుటోడి తెరకు 75, బొమ్మ నున్నగా కదలడానికి వాడి ఆట ఆపి చూపించేది ఇంకో 50. అంటే వాడి తెరమీద మనం 200 మిల్లీసెకన్ల కిందటి చోట నిలబడి ఉంటాం. వాడు కాల్చింది సర్వరుకు చేరేసరికి 75, చచ్చామన్న కబురు మనకు రావడానికి 75. మొత్తం 350. సెకనుకు 6 మీటర్లు పరిగెత్తేవాడు అంతలో 2 మీటర్లు దాటిపోతాడు. కాల్చినోడి కంటికి ఏం కనిపించిందో ఆ క్షణానికి సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి చూస్తుంది కాబట్టి తూటా తగిలినట్టే లెక్క. అదే ఇద్దరికీ పింగ్ 40 ఉంటే మొత్తం 130 మిల్లీసెకన్లు, 80 సెంటీమీటర్లు. అది గోడ మూల దాటే లోపలే అయిపోతుంది, ఎవరికీ అన్యాయం అనిపించదు. ఆ చిన్నోడు తప్పు ఆడలేదు, వాడి రిఫ్లెక్సులు బాగానే ఉన్నాయి. వాణ్ని 'నూబ్' (ఆట రానోడు) అన్నవాళ్లందరికీ ఈ లెక్క చూపించాను.

దూరం ఎంత ముఖ్యమో కూడా చెప్పాలి. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రపు కేబుల్ సుమారు 3,200 కిలోమీటర్లు. పోను రాను 32 మిల్లీసెకన్లు, ఏ కంపెనీ వచ్చినా దీన్ని తగ్గించలేదు. దారిలో రూటర్ల ఆలస్యం కలుపుకుని కడప లైన్లలో మాకు సింగపూర్ 60 నుంచి 80 వచ్చేది, ముంబై 30, 40. 170 వస్తోందంటే ఇంకా దూరపు సర్వర్లో పడ్డామని అర్థం.

ఎందుకు పడేస్తారు? స్టార్ట్ కొట్టాక మ్యాచ్ కలిపే యంత్రం ర్యాంకు, పింగ్, స్క్వాడ్‌లో మనుషులు, మోడ్, ఈ నాలుగూ చూస్తుంది. 3 మ్యాపులు, 2 వ్యూలు (తెరమీద ఆటను చూసే కోణాలు), సోలో డ్యుయో స్క్వాడ్ (ఒక్కరు, ఇద్దరు, నలుగురు) అని 3 రకాలు ఉంటే అక్కడే 18 క్యూలు, అంటే మ్యాచ్ కోసం ఎదురుచూసే వరుసలు. 6 ర్యాంకు మెట్లు కలిపితే 108. ఆడేవాళ్లు దండిగా ఉన్నప్పుడు అన్నీ నిండుతాయి. పాతవాళ్లు తగ్గేకొద్దీ ఒక్కో క్యూలో మనుషులు చాలరు. మా ఆటలో 60 సెకన్లు దాటగానే ర్యాంకు తేడా పట్టించుకోవడం మానేసేది, 90 దాటితే పింగ్ హద్దు కూడా ఎత్తేసేది, ఆ పైన మిగిలిన చోట్లను బాట్లతో (మనుషుల బదులు కంప్యూటర్ ఆడించే ఆటగాళ్లు) నింపేది. దాంతో ఇంకొంతమంది విసిగి పోతారు, క్యూ ఇంకా పలచబడుతుంది. దీనికి మందు క్యూలు తగ్గించడమే: రెండు మ్యాపులు మూసి, వారానికోసారి మార్చడం. అది చేయకుండా డెవలపర్లు ప్రతి సీజన్‌కూ కొత్త మోడ్ పెట్టి క్యూలు పెంచుకుంటూ పోయారు. కొత్త మోడ్‌తో కొత్త పాస్ అమ్ముడవుతుంది, అంతే సంగతి. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

వదిలే ముందు ఒకసారి గట్టిగా చెప్పి చూశాం. టిక్కెట్ (సపోర్టు వాళ్లకు పంపే ఫిర్యాదు) పెట్టేటప్పుడు ఒక టిక్కెట్టుకు ఒకే సమస్య. లాగ్, హ్యాకర్, స్కిన్ ధర మూడూ ఒకే దాంట్లో రాస్తే ఏదో ఒకదానికి అచ్చు జవాబిచ్చి మూసేస్తారు. అందులో ఉండాల్సినవి: ప్లేయర్ ఐడీ అంకె (పేరు కాదు, పేరు మారుతుంది), మ్యాచ్ ఐడీ, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఆట వెర్షన్, మన టైము, దాంతోపాటు అందులోంచి 5:30 గంటలు తీసేసిన యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక) టైము. వాళ్ల సర్వర్ రికార్డులు చాలావరకు యూటీసీలో ఉంటాయి. మన టైమొక్కటే రాస్తే వేరే గంటలో వెతికి 'ఏమీ కనబడలేదు' అంటారు. వీడియో 30 నుంచి 60 సెకన్లు చాలు. 14 మందిమి అవే మాటలు కాపీ కొట్టి పంపకుండా, ఎవరి అంకెలు వాళ్లం పెట్టాం. ఒకే మాట ఉన్నవాటిని యంత్రం ఒక కుప్పగా కలిపేస్తుంది. 30 రోజులు గడువు పెట్టుకున్నాం. 11 మందికి అచ్చు జవాబులు, ముగ్గురికి అదీ లేదు.

ఇలా గట్టిగా అడగడం వృథా అనేవాళ్లున్నారు. కానీ 2011లో ఈవ్ ఆన్‌లైన్ ఆటగాళ్లు అలంకార సరుకుల ధరల మీద మండిపడి, జీటా అనే సంత దగ్గరి విగ్రహాన్ని ఆటలోనే కాల్చి, చందాలు ఆపేస్తే ఆ అక్టోబరులో కంపెనీ అధిపతి బహిరంగంగా తప్పు ఒప్పుకున్నాడు. రూన్‌స్కేప్ వాళ్లు పాత రూపాన్ని ఓటింగ్ పెట్టి 2013లో తిరిగి తెచ్చారు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 పీసీ ఆటగాళ్లకు ప్లేస్టేషన్ ఖాతా తప్పనిసరి అన్న నిర్ణయం, స్టీమ్‌లో చెడ్డ రివ్యూలు వరదలా వచ్చాక కొద్ది రోజుల్లోనే వెనక్కి పోయింది. ఆ మూడు చోట్లా ఆటగాళ్ల మాట కంపెనీ లెక్కల్లో కనిపించింది. మేం 14 మందిమి అంత పెద్ద అంకె కాదు, అయినా చెప్పకుండా పోవడం నాకిష్టం లేకపోయింది.

గడువు అయిపోయాక మొదట ఆపాల్సింది డబ్బు. ఆట తీసేసినా సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ఇది చాలామందికి తెలీదు. ప్లే స్టోర్‌లో పైన మన బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి, సబ్‌స్క్రిప్షన్స్‌లో ఆటను ఎంచుకుని క్యాన్సిల్ కొట్టాలి. ఐఫోన్‌లోనైతే సెట్టింగ్స్‌లో మన పేరు కింద ఉంటుంది. ఆ తర్వాత ఫోన్‌పే, గూగుల్ పే, ఏది వాడితే దాంట్లో ఆటోపే భాగం తెరిచి, అక్కడి మ్యాండేట్ (దానంతటదే డబ్బు కట్ చేసుకోవడానికి మనమిచ్చిన అనుమతి) కూడా రద్దు చేయాలి. పిన్ అడుగుతుంది. మావాడొకడు మ్యాండేట్ ఒక్కటే తీసి సబ్‌స్క్రిప్షన్ వదిలేశాడు. ప్లే స్టోర్ దాన్ని బకాయిగా పెట్టుకుని, రెండు వారాల తర్వాత వేరే పనికి కార్డు జతచేయగానే అందులోంచి తీసుకుంది. రెండూ తీయాలి, ముందు సబ్‌స్క్రిప్షన్, తర్వాత మ్యాండేట్. డబ్బు కట్ కావడానికి 24 గంటల ముందు కబురు రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. 15,000 లోపు కోతలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు కాబట్టి ఆ కబురు ఒక్కటే మనకు హెచ్చరిక. ఆ ఎస్సెమ్మెస్‌లను చెత్త కింద తోసేయొద్దు.

కొన్న 48 గంటల లోపైతే రీఫండ్ గూగుల్‌నే అడగొచ్చు. దాటితే డెవలపర్లనే అడగాలి. ఖర్చయిన కాయిన్లకు (డబ్బు పెట్టి కొన్న ఆట నాణేలు) తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. బ్యాంకులో డిస్‌ప్యూట్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేస్తే ఐడీకి తాళం పడొచ్చు, అప్పుడు డేటా తీసుకోవడానికీ డిలీట్ చేయడానికీ లోపలికి పోలేం. అందుకే డిస్‌ప్యూట్ వేయాలనుకున్నా అది చిట్టచివర. మిగిలిన కాయిన్లను క్లాన్‌లో ఉండిపోయేవాళ్లకు గిఫ్టులుగా పంపేశాం. మా ఆటలో రోజుకు 2 గిఫ్టులే హద్దు, అందుకని 9 రోజులు పట్టింది. ఈ పని కూడా ముందే మొదలుపెట్టాలి.

ఐడీ అమ్మే మాట తప్పకుండా వస్తుంది. "సామీ, పదైదు వేలు ఇస్తాండారు, అమ్మేద్దామా?" అని ప్రొద్దుటూరు పిల్లోడు అడిగినాడు. వద్దన్నాం. నియమాలకు విరుద్ధం అన్నది ఒక కారణం. రెండోది, ఐడీ మన గూగుల్ ఖాతాకో నంబరుకో కట్టి ఉంటుంది. కొన్నవాడు ఆ ఖాతా పాస్‌వర్డే అడుగుతాడు, అందులో మన ఫోటోలు, బ్యాంకు మెయిళ్లు అన్నీ ఉంటాయి. వాడు హ్యాక్ వాడి బ్యాన్ తెచ్చుకుంటే డబ్బు వెనక్కిమ్మని మన ఇంటికే వస్తాడు.

దాచుకోవాల్సినవి తర్వాత. రీప్లే (ఆడిన మ్యాచ్‌ను మళ్లీ చూపే) ఫైళ్లు కాపీ చేసుకుంటే సరిపోదు. అవి వీడియోలు కావు, ఏ ఆటగాడు ఎప్పుడు ఎక్కడున్నాడో రాసిపెట్టిన పట్టీలు. ఆట వెర్షన్ మారగానే తెరుచుకోవు. రీప్లే నడిపించి స్క్రీన్ రికార్డు చేయాలి. సెకనుకు 8 మెగాబిట్ల లెక్కన నిమిషానికి 60 ఎంబీ, 20 నిమిషాల మ్యాచ్‌కు 1.2 జీబీ. మేం 22 మ్యాచులు ఎంచుకున్నాం, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టాయి. అందులో మా మొదటి స్క్వాడ్ నలుగురం ఒకే జీపులో కొండ దిగుతూ, ఆటలో కుంచించుకుపోయే సురక్షిత చోటు చిట్టచివరి వృత్తంలోకి అరచేతి వెడల్పు తేడాతో చేరిన మ్యాచ్ ఉంది. దాన్ని రెండు చోట్ల దాచాను.

క్లాన్ అప్పగింత మాకు సులభంగానే జరిగింది. ఉండిపోయే 24 మందిలో రోజూ వచ్చేవాణ్ని చూసి లీడర్ చేశాం. లీడర్ మార్చకుండా ఐడీ డిలీట్ చేస్తే మా ఆటలో క్లాన్ మూతపడుతుంది, ఖజానాలో ఉన్నదంతా పోతుంది. ఒక షీటులో ప్లేయర్ ఐడీ అంకె, ఆడే వేళ, తీసుకునే పాత్ర రాసిచ్చాం. డిస్కార్డ్‌లో (ఆటగాళ్లు మాట్లాడుకునే యాప్, అందులో గ్రూపును సర్వర్ అంటారు) సర్వర్ సెట్టింగ్స్‌లో మెంబర్స్ దగ్గర యాజమాన్యం మార్చాలి. సర్వర్ మన పేరున ఉన్నంతకాలం డిస్కార్డ్ ఖాతా డిలీట్ కాదు. వాట్సాప్‌లో ఒక్కరే అడ్మిన్ ఉండి బయటికిపోతే అది ఎవరో ఒకరిని అడ్మిన్‌ను చేసేస్తుంది, మనం ముందే ఎంచి పెట్టడం మంచిది.

చివరికి ఐడీ. ఇక్కడ వరుస తప్పితే వెనక్కి రావడం కష్టం. చాలామంది కోపంలో మొదట గూగుల్ ఖాతా సెక్యూరిటీలోకి పోయి ఆట కనెక్షన్ తీసేస్తారు. దాంతో లోపలికి పోయే తలుపే మూసుకుపోతుంది, డిలీట్ బటన్ ఆ తలుపు లోపల ఉంది. ముందు ఆటలో డిలీట్ అడగాలి, అది పూర్తయినట్టు మెయిల్ వచ్చాకే గూగుల్, ఫేస్‌బుక్ కనెక్షన్లు తీయాలి. ఖాతా తెరిపించే ఆటలన్నీ యాప్ లోపలా, బయట వెబ్ లింకులోనూ డిలీట్ దారి ఇవ్వాలని ప్లే స్టోర్ నియమం. ఆపిల్ 2022 జూన్ 30 నుంచి యాప్ లోపల దారి తప్పనిసరి చేసింది. ఆటలో బటన్ దొరక్కపోతే ప్లే స్టోర్ పేజీలో డేటా సేఫ్టీ భాగం కిందికి పోతే లింకు ఉంటుంది. గెస్ట్‌గా, అంటే ఏ ఖాతాకూ కట్టకుండా, ఆడినవాళ్లు ఆట తీసేయకముందే ఈ పని చేయాలి. తీసేస్తే ఆ ఐడీ మనదని చూపడానికి ఏమీ మిగలదు.

మా ఆటలో డిలీట్ అడిగాక 15 రోజులు ఆగుతుంది. ఆ లోపల ఏ ఫోన్‌లో లాగిన్ అయినా అభ్యర్థన రద్దు. నాకు 12వ రోజు అట్లే రద్దయింది. ఇంట్లో పాత ట్యాబ్లెట్‌లో ఆట అలాగే ఉంది, పిల్లలు తెరవగానే దానంతటదే లాగిన్ అయింది. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. కాబట్టి డిలీట్ అడిగిన రోజే ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్, ట్యాబ్, ఎమ్యులేటర్‌లోంచి (పీసీలో ఫోన్ ఆటలు ఆడించే ప్రోగ్రామ్) ఆట తీసేయాలి. కారణం రాయమని ఒక పెట్టె ఇస్తారు. మేం అందరం అందులో టిక్కెట్ నంబరు, మ్యాచ్ పింగ్ అంకె, 'సర్వర్ ఎంపిక మాకివ్వండి' అన్న ఒక్క వాక్యం రాశాం.

చట్టం కూడా కొంత తోడుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 12వ సెక్షన్ డేటా తుడిపించుకునే హక్కు ఇచ్చింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ఈ భాగాలు అమలుకావడానికి 18 నెలలు గడువిచ్చారు. దేశంలో 50 లక్షలకు తగ్గకుండా నమోదైనవాళ్లున్న ఆటల కంపెనీలు, మూడేళ్లు అటువైపు రానివాళ్ల డేటాను కొన్ని మినహాయింపులతో తుడిచేయాలి, 48 గంటల ముందు చెప్పాలి. మూడేళ్లు ఆగడం కంటే మన చేత్తో మనం తీయించుకోవడమే నయం. ఆటకు ఇచ్చిన నంబరు సిమ్ వాడకం మానేస్తే ఆ నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు పోతుంది, దాంతోపాటు ఓటీపీ కూడా.

డిలీట్ మెయిల్ వచ్చాక ఒక నెల బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు చూసుకున్నాం, ఎవరికీ ఏమీ కట్ కాలేదు. రాత్రి 9:30కి ఇప్పుడు వేరే ఆట ఆడ్తాండాం, అందులో సర్వర్ ఊరు మనమే ఎంచుకోవచ్చు. చిన్నోడు మొదటి రోజే పాస్ కొందామన్నాడు. పాత షీటులోనే కొత్త పేజీ తెరిచి, రోజుకు మూడుసార్లు మూడు పింగులు రాయమని వాడి చేతికే ఇచ్చాను. ఈ రోజుకు నాలుగు రోజుల అంకెలు నిండాయి, ఇంకా మూడున్నాయి.